మధ్యదూర విమానంలో బిజినెస్ క్లాస్: శరీరానికి అందేదేమిటి?

హైదరాబాదు నుంచి సింగపూరుకు గగనమార్గంలో దూరం సుమారు 3,300 కిలోమీటర్లు; విమానం దాన్ని దాదాపు నాలుగున్నర గంటల్లో దాటుతుంది. బ్యాంకాక్ నుంచి టోక్యోకు సుమారు 4,600, సింగపూరు నుంచి టోక్యోకు సుమారు 5,300 కిలోమీటర్లు ఉండగా, వాటికి ఆరేడు గంటలు పడుతుంది. ఆసియాలోని పెద్ద నగరాల మధ్య ప్రతి రాత్రీ నడిచే ఇలాంటి ప్రయాణాలను మధ్యదూర ప్రయాణాలుగా పరిగణించవచ్చు. రెండు గంటల ప్రయాణమైతే ఏ సీటులోనైనా సర్దుకుని కూర్చోవచ్చు, పద్నాలుగు గంటల ప్రయాణమైతే నడుము వాల్చే చోటు లేనిదే శరీరం తట్టుకోలేదు కనుక, ఆ రెండింటిలో బిజినెస్ క్లాస్ అవసరమో కాదో తేల్చుకోవడం కష్టం కాదు. మధ్యదూరంలోనే లెక్క చిక్కుపడుతుంది. ఎకానమీ టికెట్టుకు కొన్ని రెట్లు చెల్లించిన ప్రయాణికుడికి ఆ కొద్ది గంటల్లో నిజంగా దక్కేదేమిటన్న ప్రశ్నకు సమాధానం వాయు పీడనం, గాలిలోని తేమ, వెన్నెముక వాలిన కోణం, నిద్రకు మిగిలే సమయం అనే నాలుగు విషయాల్లో ఉంది.

బిజినెస్ క్లాస్ మొదట సౌఖ్యం కోసం పుట్టలేదు. 1970ల చివరి నాటికి రాయితీ టికెట్లు విస్తరించి, పూర్తి ధర చెల్లించే ఉద్యోగులూ వ్యాపారులూ తక్కువ ధరకు ప్రయాణించే సెలవుల యాత్రికుల పక్కనే అవే సీట్లలో కూర్చోవలసి రావడంతో, పూర్తి ధర చెల్లించేవారిని చేజారనీయకుండా వేరుగా కూర్చోబెట్టడానికి విమాన సంస్థలు ఈ విభాగాన్ని ఏర్పాటు చేశాయి. 1979లో క్వాంటాస్ సంస్థ దీనికి బిజినెస్ క్లాస్ అనే పేరే పెట్టింది. అప్పటి సీటు కాస్త వెడల్పైన కుర్చీ మాత్రమే. పూర్తిగా నేలకు సమాంతరంగా పరుచుకునే పడక ఈ తరగతిలోకి 2000లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ ద్వారా వచ్చింది. ఆ తరువాతనే ఇది శరీర ధర్మశాస్త్రం పట్టించుకోదగిన విషయంగా మారింది.

మొదట పరిశీలించవలసింది పీడనం. పదకొండు కిలోమీటర్ల ఎత్తులో బయటి వాయు పీడనం సముద్ర మట్టంలో ఉండేదానిలో నాలుగో వంతు కంటే తక్కువ, ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 56 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటుంది. అక్కడ మనిషి బతకాలంటే విమానం లోపలికి గాలిని కుదించి నింపాలి, కానీ సముద్ర మట్టపు పీడనం వరకు నింపితే లోపలి ఒత్తిడికి విమానపు లోహపు తొడుగు ప్రతి ప్రయాణంలోనూ ఉబ్బి, దిగగానే సడలి, క్రమంగా అలసటకు గురై పగుళ్లు తీస్తుంది. అందుకే మధ్యేమార్గంగా, సాధారణ పరిస్థితుల్లో లోపలి పీడనం 8,000 అడుగుల కొండ మీద ఉండే పీడనం కంటే తగ్గకూడదని నియమాలు నిర్దేశిస్తున్నాయి. ఇలా లోపలి పీడనాన్ని దానికి సమానమైన కొండ ఎత్తుతో చెప్పడాన్నే క్యాబిన్ ఎత్తు అంటారు. 8,000 అడుగుల క్యాబిన్ ఎత్తులో పీడనం సుమారు 75 కిలోపాస్కళ్లు, అంటే సముద్ర మట్టంలోని 101లో మూడు వంతులు. గాలిలో ఆక్సిజన్ పాళ్లు మారకపోయినా ఊపిరితిత్తుల్లోకి దాన్ని నెట్టే ఒత్తిడి ఆ మేరకు తగ్గుతుంది.

ఈ తగ్గుదల ఆరోగ్యవంతులకు ప్రమాదకరం కాకపోయినా శరీరం దాన్ని గుర్తిస్తుంది. 2007లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన 502 మందిని పీడనం తగ్గించిన గదుల్లో 20 గంటల పాటు ఉంచి పరిశీలించినప్పుడు, 8,000 అడుగులకు సమానమైన పీడనంలో వారి రక్తంలోని ఆక్సిజన్ సంతృప్తత, అంటే రక్తంలోని హీమోగ్లోబిన్ ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండి ఉన్నదో తెలిపే కొలత, నాలుగు శాతం బిందువులకు పైగా పడిపోయింది. 7,000 నుంచి 8,000 అడుగుల మధ్య అసౌకర్యం ఎక్కువగా కనిపించింది. అది మొదలైంది మూడు నుంచి తొమ్మిది గంటల మధ్య. ఆసియా మధ్యదూర ప్రయాణం మొత్తం ఈ వ్యవధిలోనే ఇమిడి ఉండటం గమనించదగ్గ విషయం. దిగిన తరువాత తోచే మందకొడితనానికి నిద్రలేమి ఒక్కటే కారణం కాదనడానికి ఈ ఫలితమే ఆధారం.

పీడనం విషయంలో టికెట్ తరగతికి ఏ పాత్రా లేదు. విమానమంతటికీ ఒకటే పీడనం. ముందు వరుసలో పరుపు మీద పడుకున్నవారూ చివరి వరుసలో మోకాళ్లు ముడుచుకున్నవారూ ఒకే కొండ ఎత్తులో ఊపిరి పీలుస్తుంటారు. తేడా వచ్చేది విమానపు రకాన్ని బట్టి. బోయింగ్ 787 నిర్మాణంలో బరువు లెక్కన దాదాపు సగం, ఎయిర్‌బస్ ఎ350లో సగానికి కాస్త ఎక్కువ కార్బన్ నారలతో బలపరచిన మిశ్రమ పదార్థాలు ఉంటాయి. ఇవి అల్యూమినియంలా తుప్పు పట్టవు, అలసటకూ అంత తేలికగా లొంగవు కనుక ఆ విమానాల్లో క్యాబిన్ ఎత్తును 6,000 అడుగుల దగ్గర నిలపగలుగుతున్నారు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ నడిపే బోయింగ్ 737-8 విమానాల్లో పది బిజినెస్ సీట్లు పూర్తిగా పడకలుగా మారతాయి. అయినా ఆ విమానం దేహం అల్యూమినియంతో చేసినదే కనుక, ఎక్కువ ఎత్తులో ఎగిరేటప్పుడు ఆ పడక మీది గాలి ఎ350 ఎకానమీలోని గాలి కంటే పలుచగా ఉంటుంది. ఒక మంచి విమానపు ఎకానమీ ప్రయాణికుడు మరొక విమానపు బిజినెస్ ప్రయాణికుడి కంటే మెరుగైన గాలి పీల్చడం ఈ రంగంలో తగినంత ప్రచారం పొందని సత్యం.

తేమ విషయం మరింత విడ్డూరమైనది. అంత ఎత్తులోని చల్లని గాలిలో నీటి ఆవిరి దాదాపు ఉండదు. ఆ గాలిని లోపలికి తీసుకుని వేడిచేసినప్పుడు దాని సాపేక్ష ఆర్ద్రత, అంటే ఆ ఉష్ణోగ్రతలో గాలి మోయగల నీటి ఆవిరిలో నిజంగా ఉన్న భాగం, మరింత పడిపోతుంది. క్యాబిన్‌లో కనిపించే 10 నుంచి 20 శాతం ఆర్ద్రతలో అధిక భాగం ప్రయాణికుల ఊపిరి నుంచీ చర్మం నుంచీ వచ్చినదే. కాబట్టి మనుషులు దగ్గర దగ్గరగా కూర్చున్న ఎకానమీ కంటే, కొద్దిమందే ఉండి ఒక్కొక్కరి చుట్టూ ఎక్కువ స్థలం ఉండే బిజినెస్ క్లాసులో గాలి ఎక్కువ పొడిగా ఉంటుంది. అక్కడ విశాలత పెరిగిన కొద్దీ తేమ తగ్గుతుంది. కొన్ని విమానాల్లో ముందు విభాగాలకు తేమ అందించే యంత్రాలను అమర్చడానికి కారణం ఇదే. ఈ పొడిదనం వల్ల శరీరం మొత్తంగా ప్రమాదకరంగా ఎండిపోదు గానీ కళ్లు, ముక్కు లోపలి పొర, పెదవులు ఎండుతాయి. కాంటాక్ట్ లెన్సులు వాడేవారు ఎక్కువ ధర చెల్లించిన సీటులోనే ఎక్కువ ఇబ్బంది పడవచ్చు.

ముక్కు ఎండటం నేరుగా భోజనాన్ని తాకుతుంది. రుచి అని మనం అనుభవించేదానిలో పెద్ద భాగం వాసన. ముక్కు లోపలి పొర ఎండి, పీడనం తగ్గి, వాసన అణువులు గ్రాహకాలకు సరిగా చేరనప్పుడు వంటకం చప్పగా తోస్తుంది. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ లుఫ్తాన్సా కోసం జరిపిన పరీక్షల్లో విమానంలోని పీడనాన్ని నేల మీద కల్పించి రుచి చూపించగా, ఉప్పు, తీపి గుర్తించే శక్తి గణనీయంగా తగ్గినట్టు తేలింది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో కింబర్లీ యాన్, రాబిన్ డాండో 2015లో ప్రచురించిన పరిశోధన మరో కోణాన్ని చూపింది: 85 డెసిబెళ్ల చుట్టూ ఉండే, విమానంలో వినిపించేలాంటి ఎడతెగని హోరులో తీపి తగ్గి, ఉమామి పెరిగింది. ఉమామి అంటే పండిన టమాటా, పుట్టగొడుగు, ఎండుచేప వంటి వాటిలో గ్లూటమేట్ అనే పదార్థం వల్ల కలిగే నిండైన రుచి. నాలుక ముందు భాగపు రుచి సంకేతాలను మోసే నాడి మధ్య చెవి గుండా పోవడం ఈ శబ్ద ప్రభావానికి ఒక కారణం కావచ్చునని పరిశోధకులు భావించారు. ఈ లెక్కన పింగాణీ పళ్లెంలో వడ్డించే సున్నితమైన పాశ్చాత్య మిఠాయి కంటే టమాటా చారుకూ పులుసుకూ ఆకాశంలో నెగ్గుకు వచ్చే అవకాశం ఎక్కువ. దక్షిణ భారతదేశానికి విమానాలు నడిపే సంస్థల వంటవారు ఈ సంగతిని ఇంకా గట్టిగా పట్టించుకోవలసి ఉంది.

గాలిలోనూ భోజనంలోనూ తేడా ఇంత స్వల్పమైతే, చెల్లించిన ధరలో సింహభాగం చేరేది సీటుకే. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2018లో ప్రవేశపెట్టిన బోయింగ్ 787-10 మధ్యదూర ప్రయాణాల కోసమే అమర్చిన విమానం. అందులో 36 బిజినెస్ సీట్లు, 301 ఎకానమీ సీట్లు ఉన్నాయి. ఎకానమీలో ఒక వరుసకు తొమ్మిది మంది కూర్చునే వెడల్పులో బిజినెస్ క్లాసులో నలుగురే కూర్చుంటారు. ఒకటి, రెండు, ఒకటిగా ఉండే ఈ అమరికలో ప్రతి ప్రయాణికుడికీ నేరుగా నడవా అందుతుంది. 76 అంగుళాల పడకను అంతకంటే తక్కువ దూరంలో ఉన్న వరుసల మధ్య ఇరికించడానికి ఇంజనీర్లు వాడిన ఉపాయం, సీట్లను ఒకదానికొకటి పక్కకు జరిపి, వెనుకవారి పాదాలు ముందువారి పక్కనున్న బల్ల కింది గూటిలోకి వెళ్లేలా చేయడం. నిద్రపోయేవారి శరీరం పాదాల వైపు సన్నబడుతుంది కనుకనే ఈ జ్యామితి సాధ్యమైంది. ఆ గూడు ఇరుకైతే పొడవైనవారికి మోకాళ్లు తిప్పుకునే వీలుండదన్నది దీని లోపం.

ఆ సీటు కేవలం మడత మంచం కాదు. 1988 నుంచి అమెరికా నియమావళి ప్రకారం కొత్త నమూనా విమానాల సీట్లు ముందు వైపుకు భూమ్యాకర్షణకు 16 రెట్లు బలం పడే కుదుపును తట్టుకోవాలి. పరీక్షలో కూర్చోబెట్టిన బొమ్మ తలకు తగిలే దెబ్బ నిర్ణీత పరిమితి దాటకూడదు. ఎకానమీలో ముందు సీటు వీపు దగ్గరగా ఉండి మెత్తగా వంగుతుంది. బిజినెస్ క్లాసులో ముందున్నది గట్టి గోడ, పెద్ద తెర, చెక్కలా కనిపించే అంచు. పైగా కొన్ని నమూనాల్లో సీటు విమానపు మధ్యరేఖకు ఏటవాలుగా ఉంటుంది. ఆ వాలు 18 డిగ్రీలు దాటితే మెడకూ నడుముకూ పక్కవాటు బలాలు పడతాయి కనుక ప్రత్యేక నిబంధనలు వర్తిస్తాయి. బిజినెస్ సీటు బెల్టు కొన్నిసార్లు లావుగా, బరువుగా ఉండటానికి కారణం దానిలో దాచిన గాలి సంచీ. కొన్నిటిలో భుజం మీదుగా మరో పట్టీ కూడా ఉంటుంది. ఎగిరేటప్పుడూ దిగేటప్పుడూ సీటును నిటారుగా నిలపమనడం ఈ రక్షణంతా ఆ భంగిమకే పరీక్షించి రూపొందించినది కావడం వల్లనే.

ఈ శ్రమంతా చివరకు ఒక కోణం కోసం. కూర్చుని నిద్రపోవడం ఎందుకు కష్టమో శరీర ధర్మం స్పష్టంగానే చెబుతుంది: గాఢనిద్రలోకి జారే కొద్దీ మెడ కండరాల బిగువు సడలుతుంది, తల పక్కకు ఒరుగుతుంది, ఒరిగిన తల మనిషిని తిరిగి లేపుతుంది, నిటారుగా ఉన్న దేహంలో రక్తాన్ని తలకు చేర్చడానికి గుండె, రక్తనాళాలు మెలకువకు తోడ్పడే నాడీవ్యవస్థను పనిలో ఉంచుతాయి. 1987లో నికల్సన్, స్టోన్ అనే బ్రిటిష్ పరిశోధకులు వేర్వేరు వాలు గల సీట్లలో నిద్రను మంచం మీది నిద్రతో పోల్చి చూసి, వీపు నిలువు రేఖ నుంచి సుమారు 40 డిగ్రీలు అంతకు మించి వాలినప్పుడే చెప్పుకోదగ్గ నిద్ర పడుతుందని తేల్చారు. ఎకానమీ సీటు ఆ దరిదాపులకు రాదు. చిన్న విమానాల్లోని పాతకాలపు బిజినెస్ కుర్చీలలో చాలావరకు ఆ గీతకు అటూ ఇటూ ఊగిసలాడతాయి. సమాంతర పడక దాన్ని సునాయాసంగా దాటుతుంది. నాణ్యమైన నిద్ర పరంగా అతి పెద్ద లాభం మొదటి 40 డిగ్రీల్లోనే వస్తుందన్న సంగతి పడకల ప్రకటనల్లో కనబడదు; ఆ తరువాతి వాలు అదనపు సుఖమే తప్ప అంతటి మలుపు కాదు.

కోణం దొరికినా సమయం దొరకాలి. హైదరాబాదులో రాత్రి పదకొండు ప్రాంతంలో బయలుదేరే విమానంలో పైకి ఎక్కడానికి సుమారు ఇరవై అయిదు నిమిషాలు, దిగడానికి అరగంట సీటు నిటారుగానో దానికి దగ్గరగానో ఉండాలి. మధ్యలో భోజనానికి గంట పోతే, నాలుగున్నర గంటల్లో నిద్రకు మిగిలేది రెండున్నర గంటలు. మనిషి నిద్ర సుమారు తొంభై నిమిషాల ఆవృత్తాలుగా సాగుతుంది కనుక, ఆ వ్యవధిలో ఒక ఆవృత్తం పూర్తయి రెండోది మధ్యలో తెగుతుంది. గాఢనిద్ర మధ్యలో లేపితే కొంతసేపు కమ్ముకునే మత్తు మామూలు నిద్రలేమి కంటే ఎక్కువ చికాకు పెడుతుంది. సింగపూరు గడియారం భారత కాలమానం కంటే రెండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ ఉదయం ఆరుకు దిగిన ప్రయాణికుడి జీవగడియారం, అంటే నిద్రనూ ఉష్ణోగ్రతనూ నియంత్రించే మెదడులోని కాలచక్రం, మూడున్నర దగ్గరే ఉంటుంది. మనిషి సహజ చక్రం 24 గంటల కంటే కొద్దిగా ఎక్కువ కావడంతో తూర్పుకు వెళ్లినప్పుడు దాన్ని ముందుకు జరపడం కష్టతరం. అందువల్ల రాత్రి ప్రయాణంలో భోజనం వద్దని చెప్పి ఎక్కగానే పడుకోవడమే ఆ సీటుకు చెల్లించిన ధరను అక్షరాలా రాబట్టుకునే మార్గం.

ఇక్కడే మద్యం ప్రస్తావన తప్పదు, ఎందుకంటే ఉచితంగా అందే వైన్, పరుచుకున్న పడక రెండూ ఒకే రాత్రి ఎదురవుతాయి. జర్మనీ అంతరిక్ష పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2024లో థొరాక్స్ పత్రికలో ప్రచురించిన ప్రయోగంలో 48 మంది ఆరోగ్యవంతులను నాలుగు గంటల పాటు నిద్రపుచ్చారు. కొందరు సముద్ర మట్టపు పీడనంలో, కొందరు 8,000 అడుగులకు సమానమైన పీడనంలో పడుకోగా, ఒక రాత్రి మద్యంతో, మరో రాత్రి మద్యం లేకుండా పరిశీలన సాగింది. తగ్గిన పీడనంలో మద్యం లేకుండా నిద్రించినవారి ఆక్సిజన్ సంతృప్తత సుమారు 88 శాతం, గుండె వేగం నిమిషానికి 73. రెండు గ్లాసుల వైన్‌కు దగ్గరి మోతాదు తీసుకున్నప్పుడు అవి సుమారు 85 శాతానికీ 88కీ చేరాయి, గాఢనిద్ర కూడా తగ్గింది. యువకులైన ఆరోగ్యవంతుల్లోనే ఇలా ఉంటే గుండె, ఊపిరితిత్తుల వ్యాధులున్న వృద్ధుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. పిల్లల దగ్గరికి సింగపూరుకో, అక్కడి నుంచి ఆస్ట్రేలియాకో వెళ్లే తెలుగు తల్లిదండ్రుల్లో ఇలాంటి వయసువారు ఎందరో ఉంటారు; పిల్లలు ప్రేమతో కొనిపెట్టే బిజినెస్ టికెట్టుతో పాటు వైద్యుడి సలహా కూడా కొనిపెట్టాలి.

కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని ఒకప్పుడు ఎకానమీ క్లాస్ రుగ్మత అని పిలిచేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన పరిశోధన ప్రకారం నాలుగు గంటలకు మించిన ప్రయాణం తరువాత ఈ ముప్పు దాదాపు రెట్టింపవుతుంది, అయినా మొత్తం మీద అది సుమారు ఆరు వేల మందిలో ఒకరికే. అమెరికా ఛాతీ వైద్యుల సంఘం 2012 మార్గదర్శకాల్లో ఈ పేరుకు ఆధారం లేదని పేర్కొంటూ, కిటికీ పక్క సీటులో కదలకుండా కూర్చోవడాన్ని ముప్పు పెంచే అంశంగా గుర్తించింది. కారణం కదలకపోవడమే కనుక, మెత్తని పరుపు మీద కదలకుండా పడి ఉన్నవారికీ లేచి నడవాలన్న సూచన వర్తిస్తుంది.

ఆసియా దారులకు ప్రత్యేకమైన మరో అంశం ఉంది. బంగాళాఖాతం, అండమాన్ సముద్రం, మలయా ద్వీపకల్పం మీదుగా సాగే ఈ మార్గాల్లో ఉష్ణమండల ఉరుము మేఘాలు పదహారు కిలోమీటర్ల వరకు లేస్తాయి. పదకొండు పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో ఎగిరే విమానం వాటి మీదుగా పోలేదు, చుట్టూ తిరగాలి. 2024 మే 21న లండన్ నుంచి సింగపూరు వెళ్తున్న బోయింగ్ 777 మయన్మార్ గగనతలంలో తీవ్రమైన కుదుపులకు లోనై, ఒక ప్రయాణికుడు మరణించి, పలువురు గాయపడ్డారు. విమానం ముక్కు, తోక పైకీ కిందికీ ఊగే మేర రెక్కల దగ్గర కంటే ఎక్కువ. బిజినెస్ క్లాస్ ఉండేది ముందు భాగంలో కనుక అక్కడ ఇంజిన్ల హోరు తగ్గుతుందే గాని కుదుపు తగ్గదు. పడుకున్నవారు బెల్టును దుప్పటి పైన కనిపించేలా పెట్టుకోవడం తప్పనిసరి.

విశాలతకు వాతావరణం కూడా మూల్యం చెల్లిస్తుంది. ఒకే ఇంధనాన్ని ఆక్రమించిన స్థలాన్ని బట్టి పంచితే, బ్రిటన్ ప్రభుత్వం వాడే గుణకాల ప్రకారం దూర ప్రయాణాల్లో బిజినెస్ ప్రయాణికుడి ఉద్గారాల వాటా ఎకానమీ ప్రయాణికుడికి సుమారు 2.9 రెట్లు.

కాబట్టి మధ్యదూరంలో బిజినెస్ క్లాస్ అమ్మేది ప్రధానంగా వాలే కోణం, కదిలే స్థలం మాత్రమే. రాత్రి ప్రయాణమై, అయిదు గంటలకు మించి, తెల్లవారగానే పని ఉన్నవారికి, లేదా నడుము నొప్పితో బాధపడేవారికి ఆ కోణం ధరకు తగినదే. పగటి ప్రయాణానికి, వాలు తక్కువ కుర్చీలున్న చిన్న విమానానికి ఆ ధర తగదు. టికెట్టు కొనేటప్పుడు తరగతి పేరుకు ముందు విమానం రకాన్నీ, సీట్ల అమరిక పటాన్నీ చూడాలి. ఆ రెండు వివరాలూ బుకింగ్ సమయంలోనే అందుబాటులో ఉంటాయి.